పెన్న ఇసుకలో పంతొమ్మిది నిమిషాలు

అనంతపురం వాళ్లకు మంచుతో పనేంటని మా అమ్మ ఏటా అడుగుతుంది. ఈసారి ఇంకో ప్రశ్న వేసింది. "మీరు మంచు మీద పడతారా, మంచే మీ మీద పడతాదా?" తెలియకుండానే అసలు విషయం పట్టేసింది.

రెండు చలికాలాలు గుల్మార్గ్‌లో తాళ్లు కట్టిన వాలుల్లోనే పడుతూ లేస్తూ స్నోబోర్డు నేర్చుకున్నాం. ఈ ఏడాది తాడు దాటి, మంచుచరియలు విరిగిపడే ముప్పున్న వాలుల వైపు పోదామనుకున్నాం. మా కడప బావ ఒక షరతు పెట్టాడు. "ముందు పెన్నలో తవ్వి చూపించండి, ఆ తర్వాతే టికెట్లు."

అలా ఒక ఆదివారం పొద్దున్నే తాడిపత్రి దగ్గర ఎండిన ఏట్లో దిగాం. బావ ఒక ట్రాన్సీవర్‌ను గోనెసంచిలో చుట్టి, గట్టు వాలులో మోకాలి లోతున పూడ్చాడు. ఎక్కడన్నది మాకు చెప్పలేదు. అరచేతిలో పట్టే ఈ యంత్రాన్ని ఛాతీకి కట్టుకుంటే 457 కిలోహెర్ట్జ్ మీద సిగ్నల్ ఇస్తూనే ఉంటుంది. ఎవరైనా మంచుచరియ కింద కూరుకుపోతే మిగతావాళ్లు తమ యంత్రాలను వెతికే స్థితికి మార్చి, ఆ సిగ్నల్ వెంట పోవాలి.

నా తెర మీద దూరం చూపే అంకె 31, 24, మళ్లీ 40. బాణం ఒకసారి ఏటివైపు, ఒకసారి మా బండివైపు. ఐదు నిమిషాలు పిచ్చోడిలా తిరిగాక బావ అరిచాడు, "జేబులో ఫోన్ తియ్యరా!" ఫోన్ పక్కనుంటే యంత్రం తికమక పడుతుందట. తీశాక అంకె బుద్ధిగా దిగింది. పొడవాటి కడ్డీతో గుచ్చుతూ పోతే సంచి తగిలింది. కడ్డీని అక్కడే ఉంచి నేను పైనుంచి తవ్వడం మొదలుపెట్టాను. తవ్వినంతా జారి మళ్లీ గుంటలోకే. దిగువ పక్క నిలబడి, అడ్డంగా లోపలికి తవ్వుకుంటూ పోవాలట. సంచి చేతికొచ్చేసరికి పంతొమ్మిది నిమిషాలు.

బావ తిట్టలేదు. మంచు కింద పడ్డవాణ్ణి పావుగంటలోపు తీస్తే బతికే అవకాశం బాగుంటుంది, ఆ తర్వాత గబగబా పడిపోతుంది అన్నాడు. మా తమ్ముడు సంచి వైపు చూసి, "అంటే ఇది పోయిందా?" అన్నాడు. ఎవరికీ నవ్వు రాలేదు.

బెంగళూరు నుంచి విమానం, శ్రీనగర్, టంగ్‌మార్గ్, అక్కణ్ణుంచి చక్రాలకు గొలుసులు కట్టిన జీపు. దారి గురించి చెప్పడానికి చలి తప్ప ఏమీ లేదు.

రెండు రోజులు ఎడతెరిపి లేకుండా మంచు, దానికి తోడు గాలి. మూడో రోజు ఆకాశం కడిగినట్టుంది. తీగల మీద పోయే గొండోలా రెండో దశలో అఫర్వత్ కొండ భుజం ఎక్కాం. నాకైతే ఇంతకంటే మంచి రోజు ఉండదనిపించింది. గైడ్‌కు నచ్చనిది సరిగ్గా అదే. గాలి ఒక వైపు మంచును ఎత్తుకొచ్చి ఈ వైపు వాలు మీద కుప్పపోసిందన్నాడు. వాలు కొలిస్తే 36 డిగ్రీలు. పలకలుగా విరిగి జారే మంచుచరియలు ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల మధ్యనే వస్తాయి.

ఆయన గుంట తవ్వి నన్ను పిలిచాడు. పైన గట్టి పొర. దాని కింద పొరను చేత్తో గీకితే బొంబాయి రవ్వలా జలజలా రాలింది. చిన్న స్తంభంలా కోసి, పైన పార పెట్టి తట్టాడు. మణికట్టుతో పది దెబ్బలకు ఏమీ కాలేదు. మోచేతితో రెండో దెబ్బకు పై ముక్క సొరుగు లాగినట్టు నున్నగా ముందుకొచ్చేసింది.

వాలు మొత్తం అలాగే జారొచ్చని వెనక్కి తిరిగాం. మేం చూస్తుండగానే ఇంకో జట్టు అదే వాలులో దిగిపోయింది. వాళ్లకేమీ కాలేదు, కేరింతలు కూడా వినబడ్డాయి. అబద్ధమెందుకు, నాకు కడుపు మండింది. వేలకు వేలు పోసి వచ్చి పిరికివాళ్లలా నిలబడ్డాం అనిపించింది. బావ మాత్రం ఆ జట్టు మొత్తం కిందికి చేరేదాకా యంత్రం చేతిలోంచి దించలేదు. మిగిలిన రోజులు 30 డిగ్రీల లోపు వాలుల్లోనే, పైన నిటారు కొండ లేని చోట్లే తిరిగాం.

ఊరికొచ్చిన రెండో ఆదివారం మళ్లీ పెన్నకు పోయాం. ఈసారి బావ సంచిని ఇంకా లోతుగా పూడ్చాడు. నేను ఫోన్‌ను బండి డిక్కీలో పెట్టి దిగాను. పదకొండు నిమిషాలు.