గ్యాప్ ఓపెనింగ్ ముందు లొంగని 20/50 ఈఎంఏ

నిఫ్టీ 15 నిమిషాల చార్ట్‌లో 20/50 ఈఎంఏ క్రాసోవర్‌ని గ్యాప్ ఓపెనింగ్ నుంచి కాపాడే పని ఇంకా తెగడం లేదు. ఈఎంఏ అంటే కొత్త ధరలకి ఎక్కువ వెయిట్ ఇచ్చే సగటు ధర లైన్. 20 క్యాండిల్స్ (ఒక్కోటి 15 నిమిషాల ధర) లైన్ 50 క్యాండిల్స్ లైన్‌ని పైకి దాటితే బై సిగ్నల్, అదే క్రాసోవర్. గ్యాప్ అంటే నిన్నటి ముగింపుకీ ఇవాళ్టి ఓపెనింగ్‌కీ మధ్య తేడా. చిరాకుగానే ఉంది, కానీ ఈసారి తేడా ఎక్కడ కొడుతోందో లెక్కల్లో దొరికింది. రోజువారీ చార్ట్ మీద 50/200 మాత్రం బాగా నడుస్తోంది, దాన్ని ఇక కదపను.

20 ఈఎంఏ కొత్త ధరకి ఇచ్చే వెయిట్ 2/21, అంటే 9.5 శాతం. 50 ఈఎంఏ ఇచ్చేది 2/51, 3.9 శాతం. 200 పాయింట్ల గ్యాప్‌అప్ వస్తే, ఆ ఒక్క గ్యాప్ వల్లే మొదటి క్యాండిల్ ముగిసేసరికి 20 లైన్ 19 పాయింట్లు, 50 లైన్ 8 పాయింట్లు పైకి జరుగుతాయి. ధర అక్కడే కదలకుండా ఉన్నా 10:15కి అవి 66, 30 అవుతాయి. తేడా 36. 11:15కి అదే 55. సెషన్‌లో ఒక్క పాయింట్ కూడా పెరగకపోయినా బై సిగ్నల్ వచ్చి కూర్చుంటుంది! మొదటి క్యాండిల్ వదిలేసి పది దాటాక చూడమని చాలామంది చెప్తారు. అలా ఆగితే తేడా తగ్గదు, ఇంకా పెరుగుతుంది.

ఎస్ఎంఏకి (అన్ని ధరలకీ సమాన వెయిట్ ఇచ్చే మామూలు సగటుకి) మారితే ఇంకో తలనొప్పి. మన సెషన్‌లో 15 నిమిషాల క్యాండిల్స్ 25, కాబట్టి 50 అంటే సరిగ్గా రెండు రోజులు. 9:15 క్యాండిల్ లోపలికి వస్తుంటే, రెండు సెషన్ల వెనకటి 9:15 క్యాండిల్ బయటికి పోతుంది. ఇవాళ్టి గ్యాప్, అప్పటి గ్యాప్ ఒకేసారి లైన్‌ని లాగుతాయి. ఎస్ఎంఏ నాకు ఇంట్రాడేలో అస్సలు నచ్చదు. సూపర్‌ట్రెండ్ అనే ఇండికేటర్ పెట్టుకోమంటారు గానీ, అది ఏటీఆర్ (ధర సగటున ఎంత ఊగుతుందో చెప్పే కొలత) మీద ఆధారపడేది, గ్యాప్ దానిలోకీ వెళ్తుంది.

అందుకని గ్యాప్‌ని తీసేశాను. ఉదయం మొదటి క్యాండిల్ లెక్కకి ముందు, నిన్నటి రెండు ఈఎంఏ విలువలకీ గ్యాప్‌ని కలిపేయడమే. గ్యాప్‌డౌన్ అయితే ఆ విలువల్లోంచి అన్ని పాయింట్లు తగ్గించాలి. లైన్ల మధ్య దూరం మారదు, ఆ తర్వాత సెషన్‌లో జరిగిందే కనిపిస్తుంది. గూగుల్ షీట్స్‌లో ఒక కాలమ్ చాలు. ట్రేడింగ్‌వ్యూ అనే చార్ట్‌ల సైట్‌లో దాని కోడ్, పైన్ స్క్రిప్ట్, రాయొచ్చు, కానీ అంకెలు కళ్లెదురుగా కనిపించే షీటే నాకు ఇష్టం.

2024 జూన్ 3కి ఇది అద్భుతంగా సరిపోయింది. ఎగ్జిట్ పోల్స్ ఊపులో నిఫ్టీ సుమారు 800 పాయింట్ల గ్యాప్‌తో తెరుచుకుని, ఓపెనింగ్ కంటే కిందే, 23,263 దగ్గర ముగిసింది. మామూలు ఈఎంఏకి అది పెద్ద అప్‌ట్రెండ్, సరిచేసిన లైన్‌కి ఏమీ లేదు. మర్నాడు మార్కెట్ 1,379 పాయింట్లు పడింది.

మొండికేసింది 2025 ఏప్రిల్ 7. ట్రంప్ సుంకాల భయంతో ముందు సెషన్ ముగింపు 22,904 నుంచి 21,750 దగ్గరికి పడి తెరుచుకుని, 22,161కి కోలుకుంది. మార్కెట్ 3.24 శాతం పడిన రోజున నా లైన్‌కి కనిపించింది 400 పాయింట్ల ర్యాలీ! మర్నాడు 22,535 దగ్గర ముగిసింది కాబట్టి లైన్ చెప్పిందే నిజమైంది అనొచ్చు. నాకు మాత్రం నమ్మకం కుదరడం లేదు. రాత్రికి రాత్రి వచ్చిన కదలిక ట్రెండ్‌లో భాగం కాదని ఎలా అనగలం? మన సూచీలో గ్యాప్ అంటే చాలాసార్లు అమెరికా, ఆసియా మార్కెట్ల వార్తే, అందులోనూ సమాచారం ఉంటుంది.

నా ఊహ ఏంటంటే, గ్యాప్ రోజువారీ 14 ఏటీఆర్‌లో (14 రోజుల ఏటీఆర్‌లో) సగం లోపు ఉంటే పూర్తిగా తీసేయాలి, అంతకంటే పెద్దదైతే సగమే తీసేయాలి. ఆ సగం అనేది ఎక్కడా రుజువైన అంకె కాదు, మూడో వంతుతో కూడా నడిపి చూస్తాను. తర్వాత కాఫ్‌మన్ అడాప్టివ్ యావరేజ్ (మార్కెట్‌ని బట్టి వేగం మార్చుకునే సగటు), 10, 2, 30 సెట్టింగులతో. అటూఇటూ ఊగే రోజుల్లో తనంతట తానే నెమ్మదించే గుణం దానికుంది, గ్యాప్ సరిచేశాక అది ఎలా ప్రవర్తిస్తుందో చూడాలని ఆత్రంగా ఉంది. అప్పటిదాకా అంతా పేపర్ ట్రేడింగే, అసలు డబ్బు పెట్టను. బ్యాంక్ నిఫ్టీ డేటా కూడా దించి పెట్టాను.