హిరోషిమా ట్రాము, మా కొండ బస్సు: నా పీజీ ప్రాజెక్టు

జాగ్రఫీ పీజీ చివరి ఏడాది ప్రాజెక్టుకి 'యుద్ధం తర్వాత నగరాల్ని తిరిగి కట్టేటప్పుడు హరిత రవాణా' అని రాసిచ్చాను. మా గైడు మేడమ్ కాగితం పక్కన పెట్టేశారు. "మన తిరుపతిలో యుద్ధమెక్కడుందమ్మా? లీలామహల్ సర్కిల్ ట్రాఫిక్ మీద రాయి, నెలలో అయిపోతుంది." రెండోసారీ అదే మాట. మూడోసారి ఒక్క హిరోషిమా గురించే పేజీ రాసి పట్టుకెళ్ళాను.

1945 ఆగస్టు 6న బాంబు పడింది. 9వ తేదీకల్లా ఒక చిన్న ముక్క దారిలో ట్రాము మళ్ళీ నడిచింది. మగవాళ్ళు యుద్ధానికి పోవడంతో అప్పటికే అక్కడ బడి ఆడపిల్లలు కండక్టర్లుగా, డ్రైవర్లుగా చేసేవాళ్ళు. నాకంటే చిన్నవాళ్ళు. అది చదివాక మేడమ్ "మూడు ఊళ్ళకు మించొద్దు" అని సంతకం పెట్టారు.

నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ తొందరగానే అయింది. 1940 మే 14న బాంబులకు నడిబొడ్డు నేలమట్టమైన ఆ ఊళ్ళో 1953లో లైన్‌బాన్ అనే బజారు తెరిచారు. అందులోకి మోటార్లు రావు, నడిచే కొనుక్కోవాలి. నన్ను నెలరోజులు తిప్పలు పెట్టింది కొవెంట్రీ, ఇంగ్లండులో బాంబులకు కూలిన ఊరు. అక్కడా నడిచేవాళ్ళకని బజారు కట్టారు, మెచ్చుకోవాల్సిందే. కానీ దాని చుట్టూ కార్ల కోసం రింగురోడ్డు బిగించారు, 1974కి పూర్తయింది. చుట్టుపక్కల పేటల నుంచి నడిచొచ్చేవాళ్ళు దాన్ని దాటాలి. కూలిన ఊళ్ళో మొదట ఏ దారి గీస్తారో, మనవళ్ళు కూడా ఆ దారినే తిరగాలి. నా ప్రాజెక్టంతా ఈ ఒక్క మాటే.

విద్యుత్ బండ్ల అధ్యాయం మాత్రం ఎంతకీ తెమల్లేదు. పుస్తకం చదివితే తలకెక్కలేదు. మా నాయన ఆర్టీసీలో ఘాట్ డ్రైవరుగా చేసి రిటైరయ్యాడు. "రా పాపా, చూపిస్తా" అని అలిపిరి డిపో విద్యుత్ బస్సులో కొండకు తీసుకుపోయాడు. అవి 2022 బ్రహ్మోత్సవాలప్పుడు మొదలైన బస్సులు. దిగేటప్పుడు డ్రైవరు వెనక సీట్లో కూర్చున్నాం. మలుపుల్లో ఆయన యాక్సిలరేటర్ మీద కాలు తీసిన ప్రతిసారీ బండి తనంతట తనే నెమ్మదించేది. బ్యాటరీ శాతం తగ్గకపోగా మెల్లగా పెరిగింది. "మేం దిగేసరికి బ్రేకు లైనర్లు మాడిన వాసనొచ్చేది. ఇప్పుడు చూడు, దిగే బండే కరెంటు చేసుకుంటాంది" అన్నాడు నాయన. ఆ రాత్రే అధ్యాయం పూర్తిచేశాను.

మేడమ్ మూడూళ్ళే అన్నా, చివర్లో ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ కూడా కలిపాను. యుద్ధంలో జనం తలదాచుకున్న మెట్రో 2022 మేలో టికెట్ లేకుండా మళ్ళీ నడిచింది. అయితే కరెంటు కేంద్రాల్నే కూల్చేస్తే ఏ మెట్రో అయినా ఆగిపోతుంది, అదీ రాశాను.

వైవాలో బయటినుంచి వచ్చిన సార్ పటాలన్నీ బల్లమీద పరిపించి, "ఒక్క గీత చెరిపే వీలుంటే ఏది చెరుపుతావమ్మా?" అని అడిగారు. కొవెంట్రీ రింగురోడ్డు మీద వేలు పెట్టాను.