అడుగు కాయలు

శుక్రవారం, రాత్రి తొమ్మిదిన్నర.

నిన్న పడుకునే ముందు చాలాసేపు మోకాళ్ళ మీద ఉన్నాను. విషయం ఒకటే. నిమ్మకాయలు ఎప్పటిలా పొదలకూరు మార్కెట్లోనే వేయాలా, బావ చెప్తున్నట్టు నేరుగా మద్రాసు కోయంబేడుకు పంపాలా? "ప్రభువా, దారి చూపించు" అని అడిగాను. నిజం చెప్పాలంటే దారి నేనే ఎంచి పెట్టుకున్నాను. ఆయన సంతకం ఒక్కటే తక్కువ.

పొద్దున ఆరింటికే కోతకు నలుగురు వచ్చారు. వాళ్ళలో ఒకామెను నేను అత్తా అని పిలుస్తాను. వరస ఏమీ లేదు, నాన్న ఉన్నప్పటి నుంచీ మా తోటకు వస్తోంది. మా చర్చిలోనే, ముందు చాప మీద కూర్చుంటుంది. చదువు రాదు. అయినా బైబిలు చంకలో పెట్టుకుని వచ్చి, పక్కనున్న పిల్లల చేత చదివించుకుంటుంది.

పదిగంటలప్పుడు నేను చెట్టు నీడన బస్తాలు నింపుతున్నా. ఎండలు ముదిరాయి, రేటు బాగుంది. అడుగున గోళీలంత కాయలు, మధ్యలో నేల రాలినవీ మచ్చలున్నవీ, పైన నాలుగు దోసిళ్ళు మాత్రం నిగనిగలాడేవి. ఇది నేను కనిపెట్టిన విద్యేం కాదు. కొనేవాడికీ తెలుసు, తెలిసే రేటు తగ్గించి కొంటాడు అని నాకు నేను చెప్పుకుంటూ ఉంటాను.

ఆమె దోటిని చెట్టుకు ఆనించి వచ్చింది. ఏమీ అనకుండా బస్తాలోకి మోచేతి దాకా చెయ్యి దించి, పిడికిలి బయటికి తీసి తెరిచింది. నాలుగు కాయలు. ఒకటి తొడిమ దగ్గర మెత్తబడి ఉంది. ఆ చేతి మీద ముళ్ళు గీరిన గీతలు, కొన్ని పాతవి, ఒకటి ఇంకా తడిగా.

"అబ్బయ్యా, ఆదివారం వాక్యం చదివింది నువ్వే గదా. ఇదేంది ఇట్టా?"

గొంతు పెంచలేదు. పెంచింది నేను. "నీ పని నువ్వు చూసుకో అత్తా" అన్నాను. మిగతా ముగ్గురూ కోత ఆపి చూశారు. ఆమె ఆ నాలుగు కాయల్నీ తిరిగి బస్తాలో వేయలేదు. గట్టు మీద పెట్టి వెళ్ళిపోయింది.

మధ్యాహ్నం అన్నం సయించలేదు. కూలికి వచ్చినామె నలుగురిలో అంత మాట అంటుందా అని ఒకటే ఉడుకు. ఆదివారం నేను చదివింది ఏ భాగమో గుర్తొచ్చాక అది ఇంకా పెరిగింది. హెబ్రీయులకు రాసిన పత్రిక, 12వ అధ్యాయం. ప్రభువు తాను ప్రేమించేవాణ్ణి శిక్షిస్తాడని గొంతు సవరించుకుని మరీ చదివాను. శిక్ష అనగానే మనకు జైలూ జరిమానా తడతాయి. అక్కడ మూలంలో ఉన్న గ్రీకు మాట పైదేయా, పిల్లల్ని పెంచి తీర్చిదిద్దడం. మన తెలుగులోనూ శిక్ష, శిక్షణ ఒకే ఇంటి బిడ్డలే. అయినా బోరు ఎండిపోయిన ఏడాది మాత్రం దేవుడు నన్ను శిక్షిస్తున్నాడనుకుని మూడు రోజులు ఉపవాసం ఉన్నాను. అంత పెద్దగా వస్తేనే ఆయన దగ్గర్నుంచి వచ్చినట్టు. నాలుగు కాయలు చూపించి ఒక్క ప్రశ్న అడిగితే అది నోటి దురుసు. బైబిల్లో దావీదు రాజు తప్పును ముఖం మీదే చెప్పిన నాతాను అంటే ప్రవక్త కాబట్టి దావీదు విన్నాడులే అని కూడా అనుకున్నాను. తప్పించుకోవడానికి ఎంత తెలివి వస్తుందో మనిషికి!

మా అవ్వది ఒంగోలు వైపు. 1866లో ఒంగోలు వచ్చిన అమెరికా మిషనరీ క్లౌ దొర సంగతి ఆమె కథలా చెప్పేది. మొదట్లో పై కులాల పెద్దలు ఆయన్ని బాగానే ఆదరించారట. మాదిగలు బాప్తిస్మం అడిగేసరికి, వాళ్ళను చేర్చుకుంటే మేము రాము అన్నారు. ఏం చేయాలో తోచక దొర బైబిలు తెరిస్తే కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక, మొదటి అధ్యాయం, 26వ వచనం దగ్గర తెరుచుకుంది. పిలుపు అందుకున్న వాళ్ళలో జ్ఞానులు, ఘనులు ఎక్కువమంది లేరన్న చోటు. వేరే గదిలో ఆయన భార్యకూ అదే చోటు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారన్న లెక్క మా ఇంట్లో పిల్లలకు కూడా నోటికొచ్చు. నేనూ ఆ లెక్కే గొప్పగా చెప్తాను. దారి చూపించమని అడిగిన దొరకు ముందు ఆయన లెక్కే తప్పని తెలిసిందన్న ముక్క ఎప్పుడూ ఎగరగొట్టేస్తాను. ఈరోజు ఆ ముక్క దగ్గరే ఆగిపోయాను.

నాలుగింటికి బస్తాలు మూడూ పట్ట మీద కుమ్మరించాను. చప్పుడుకు మా ఆవిడ బయటికొచ్చి "ఏమైంది?" అంది. చెప్పలేదు. కూర్చుని ఏరాను. చిన్నవీ మెత్తవీ కలిపి రెండు బకెట్లు తేలాయి, మూడు బస్తాలు రెండున్నర అయ్యాయి. డబ్బు లెక్క కట్టకూడదు అనుకుంటూనే కట్టాను. మెత్తవి తీసేసి, చిన్నవి ఊరగాయకు ఇచ్చాను. "ఇన్నా? ఉప్పు చాలదు" అని విసుక్కుంది.

కూలీ డబ్బులిచ్చేటప్పుడు క్షమించు అత్తా అందామనుకున్నాను. నోరు రాలేదు. "రేపటి నుంచి బస్తాలు నువ్వే కట్టు" అన్నాను.

ఆమె నోట్లు మడిచి కొంగున ముడేసుకుంటూ, "కుమ్మరించినావా?" అంది.

"ఆఁ."

"సరే అబ్బయ్యా. ఆ నాలుగూ గట్టు మీదే ఉండాయి, చూసుకో."

క్షమించు అన్న మాట ఇంకా బాకీ. ఆదివారం చర్చిలో కాదు, రేపు తోటలోనే, ఆ ముగ్గురూ ఉన్నప్పుడే అనాలి. అన్నదీ వాళ్ళ ముందే గదా. తల్చుకుంటే ఇప్పటి నుంచే టెన్షన్.

మద్రాసు సంగతి ఏమీ తేలలేదు. ఇందాక ప్రార్థనలో దాని ఊసే రాలేదు. బావ రెండుసార్లు ఫోన్ చేశాడు, ఎత్తలేదు.