పెనాల్టీ కిక్‌లో సమతౌల్యం: నా అనుభవం

ఎదుటివాడి ఎత్తును బట్టి మన ఎత్తును ఎంచుకోవడాన్ని లెక్కగట్టే గేమ్ థియరీలో ఖైదీల సందిగ్ధం వంటి లెక్కలు నాకు త్వరగానే పట్టుబడ్డాయి. అక్కడ ఎదుటివాడు ఏం చేసినా మేలైన ఎత్తు ఒకటే. ఇద్దరి ఎత్తుల ఫలితాలు రాసే పట్టికలో ఏ గడిలోనూ ఇద్దరికీ కాలు నిలవని, అంటే ఎవరో ఒకరు ఎత్తు మార్చుకోవాలనుకునే ఆటల దగ్గరే చాలాకాలం ఆగిపోయాను. నాచేత వాటిని దాటించింది ఫుట్‌బాల్ పెనాల్టీ: ఒక ఆటగాడు గోల్‌కేసి బంతిని తన్నడం, గోల్ కీపర్ ఒక్కడే దాన్ని ఆపడానికి దూకడం.

ఆర్థికవేత్త ఇగ్నాసియో పలాసియోస్-హువెర్టా 2003లో ప్రచురించిన పరిశోధనలో 1,417 పెనాల్టీ కిక్కుల లెక్క ఉంది. కుడికాలితో తన్నేవారికి బంతిని తమ ఎడమవైపు పంపడం అనువు. ఎడమకాలి వారికి కుడివైపు. ఎవరికైనా అనువైన వైపుకు ఎదురుగా ఉన్నదాన్ని కష్టమైన వైపు అందాం. బంతీ కీపరూ కష్టమైన వైపే వెళ్తే గోల్ అవకాశం 58.30 శాతం, అనువైన వైపే వెళ్తే 69.92. బంతి కష్టమైన వైపు వెళ్లి కీపర్ అనువైన వైపుకు దూకితే 94.97, బంతి అనువైన వైపు వెళ్లి కీపర్ కష్టమైన వైపుకు దూకితే 92.91.

నాలుగు గడులు గీసి, ఎవరు ఎటు మారాలనుకుంటారో బాణాలు వేశాను. అవి గుండ్రంగా తిరుగుతూనే ఉన్నాయి. అంటే ఇద్దరూ రెండు వైపులనూ ఏదో ఒక పాళ్లలో కలపాలి. ఇద్దరికీ ఇక మారాలనిపించని ఆ పాళ్లే సమతౌల్యం. ఆ పాళ్లు దొరికే చోటే అసలు అందం ఉంది. తన్నేవాడి పాళ్లు కీపర్ లెక్కలో దొరుకుతాయి: కీపర్‌కు ఎటు దూకినా ఫలితం ఒకేలా ఉండాలి. ఒకవైపు కాస్త మేలుగా కనిపించినా అతను ఎప్పుడూ అటే దూకుతాడు, తన్నేవాడు వెంటనే రెండోవైపుకు మళ్లుతాడు.

కష్టమైన వైపు తన్నే వంతును ‘ప’ అనుకుని, కీపర్ కష్టమైన వైపు దూకినప్పటి గోల్ అవకాశాన్ని ఎడమ పక్కనా, అనువైన వైపు దూకినప్పటిదాన్ని కుడి పక్కనా రాశాను:

58.30ప + 92.91(1−ప) = 94.97ప + 69.92(1−ప)

విప్పితే 59.66ప = 22.99. ప విలువ 38.54 శాతం. ఇదే దారిలో కీపర్ అటు దూకాల్సిన వంతు 41.99 వచ్చింది. మైదానాల్లో నిజంగా నమోదైనవి 39.98, 42.31! కాగితం మీద విప్పిన సమీకరణానికి ఆటగాళ్ల కాళ్లు ఇంత దగ్గరగా రావడం చూసి చాలాసేపు ఆనందంగా ఉండిపోయాను.

తర్వాత ఒక అంకె మార్చి చూశాను. తన్నేవాడు కష్టమైన వైపు సాధన చేసి 94.97ను 98కి పెంచుకున్నాడనుకుందాం. మెరుగైన వైపే ఎక్కువగా తన్నాలనిపిస్తుంది కదా? లెక్కలో ఆ వంతు 36.7 శాతానికి తగ్గింది. కీపర్ అటు దూకే వంతు 44.8కి పెరిగింది. అతను అటు కాపలా పెంచడంతో అనువైన వైపు తెరుచుకుంది. మొత్తం గోల్ అవకాశం 79.6 నుంచి 80.2 శాతానికి చేరింది.