విదేశీ వైద్యవిద్య లక్ష్యంగా నీట్ చదువు: నా ప్రిపరేషన్ అనుభవాలు

నీట్‌కు సిద్ధమవుతున్న మిత్రులకు నమస్కారం. ఇంటర్ బైపీసీ పూర్తిచేసి ప్రస్తుతం లాంగ్ టర్మ్ కోచింగ్‌లో ఉన్న నేను, కన్వీనర్ కోటాలో సీటు రాని పక్షంలో జార్జియాలో వైద్యవిద్య చదవాలని ఇంట్లో అందరితో చర్చించి నిర్ణయించుకున్నాను. ప్రైవేటు కళాశాలల్లోని బి కేటగిరీ (యాజమాన్య కోటా) ఫీజు కట్టే స్థోమత మాకు లేదు. డాక్టర్ కావాలన్న కోరిక మాత్రం బలంగా ఉంది. ఇదే ఆలోచనలో ఉన్నవారికి ఉపయోగపడతాయని కొన్ని సంగతులు రాస్తున్నాను.

"బయటి దేశానికి వెళ్లేవాళ్లకు నీట్‌లో క్వాలిఫై అయితే చాలు" అన్న మాట కోచింగ్ హాస్టళ్లలో తరచుగా వినిపిస్తుంది. ప్రవేశం వరకు అది నిజమే. జనరల్ అభ్యర్థులకు 50వ పర్సంటైల్, ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ అభ్యర్థులకు 40వ పర్సంటైల్ వస్తే అర్హత లభిస్తుంది. విదేశీ ప్రవేశాలకు ఆ ఫలితం మూడేళ్లు చెల్లుతుంది. అయితే చదువు ముగించుకొని తిరిగివచ్చి ఇక్కడ ప్రాక్టీసు చేయాలంటే, విదేశాల్లో వైద్యవిద్య చదివినవారికి పెట్టే అర్హత పరీక్ష ఎఫ్‌ఎంజీఈలో 300 మార్కులకు కనీసం 150 తెచ్చుకోవాలి. ఆ పరీక్షలో ఎదురయ్యే శరీరధర్మశాస్త్రానికి పునాది ఇప్పుడు మనం చదివే జీవశాస్త్రంలోనే ఉంది కాబట్టి, కటాఫ్ దాటితే చాలన్నట్టు చదవడం నాకు సమ్మతం కాదు.

ఉదాహరణకు విసర్జన పాఠాన్నే తీసుకుందాం. మూత్రపిండాల్లో నిమిషానికి సుమారు 125 మిల్లీలీటర్ల చొప్పున, అంటే రోజుకు 180 లీటర్ల ద్రవం వడపోతకు గురవుతుందని, బయటికి వచ్చే మూత్రం మాత్రం లీటరున్నరేనని ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో ఉంది. ఈ అంకెలను బట్టీపట్టి వదిలేయకుండా, మిగిలిన ద్రవమంతా ఎక్కడెక్కడ తిరిగి రక్తంలోకి చేరుతుందో తెలుసుకోవడానికి తెల్లకాగితంపై నెఫ్రాన్ (మూత్రపిండంలో వడపోత జరిగే సూక్ష్మనాళిక) బొమ్మ గీసి, ఒక్కొక్క భాగం వద్ద నీరు, సోడియం, గ్లూకోజు ఏమవుతున్నాయో బాణం గుర్తులతో రాసుకున్నాను. పుస్తకం చూడకుండా ఆ బొమ్మ గీయడం వచ్చాక, ఆ పాఠంలో ప్రశ్నను ఎటు తిప్పి అడిగినా తడబాటు లేదు. 720 మార్కుల్లో 360 జీవశాస్త్రానివే గనుక ఉదయం వేళంతా దానికే కేటాయించాను. భౌతికశాస్త్రానికి పాత ప్రశ్నపత్రాలు ఎక్కువగా అక్కరకొచ్చాయి.

కళాశాల ఎంపికలో మరింత జాగ్రత్త అవసరం. జాతీయ వైద్య కమిషన్ 2021 నవంబరులో ప్రకటించిన నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు, ఆంగ్ల మాధ్యమంలో సాగాలి. అదే విదేశీ విద్యాసంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. ఆ దేశ పౌరులతో సమానంగా అక్కడ వైద్యం చేసే లైసెన్సుకు అర్హత ఉండాలి. ఒక కన్సల్టెన్సీ ప్రతినిధి మా ఇంటికి వచ్చి హాస్టల్ గదుల ఫొటోలు, మెస్‌లోని మన భోజనం ఎంతో ఉత్సాహంగా చూపించారు గానీ, ఇంటర్న్‌షిప్ ఏ ఆసుపత్రిలో ఉంటుందని నాన్నగారు అడిగితే జవాబు చెప్పలేకపోయారు. ఆ సంస్థతో మేము ముందుకు వెళ్లలేదు.

పాఠాలు ఆంగ్లంలో చెప్పినా, జార్జియా రాజధాని టిబిలిసిలోని ఆసుపత్రి వార్డులో రోగి తన బాధను జార్జియన్ భాషలోనే చెప్పుకుంటాడు. ఆ భాషకున్న 33 అక్షరాలను ఆదివారాలు కాసేపు దిద్దుతున్నాను. నీట్ చదువుకు అడ్డు రానంత మేరకే సుమా. అక్కడ చదువుతున్న తెలుగు సీనియర్లతో మాట్లాడే అవకాశం వస్తే తిండి, చలి గురించి తర్వాత అడగవచ్చు. రోగులను స్వయంగా పరీక్షించనిస్తున్నారా, ఏ సంవత్సరం నుంచి, ఒక్కో బృందంలో ఎందరు విద్యార్థులుంటారు అన్నవి ముందుగా అడిగి రాసిపెట్టుకోండి.