పాత ఆయిల్ ఫిల్టర్‌ని కోసి చూస్తే

పాత ఆయిల్ ఫిల్టర్‌ని నేను ఊరికే పారేయను. డబ్బా వెనకవైపు మేకుతో ఓ బొక్క పెట్టి, రాత్రంతా ట్రేలో వదిలేసి, ఆయిల్ కారిపోయాక కోసి చూస్తాను. ఇంట్లో వాళ్ల దృష్టిలో ఇదో పిచ్చి. హ్యాక్సా మాత్రం వాడను. రంపం పొడి లోపల పడిందంటే ఏది ఇంజిన్ అరుగుదలో, ఏది రంపం పొట్టో తేలి చావదు. ప్లంబర్లు పైపులు కోసే కట్టర్ ఉంటుంది చూడండి, అదే ఫిల్టర్ల కోసం పెద్ద సైజులో దొరుకుతుంది. దాన్ని డబ్బా చుట్టూ నాలుగు తిప్పులు తిప్పితే పొడి రాలకుండా మూత ఊడి వస్తుంది.

ఈ అలవాటు పడ్డాక నేను ఫిల్టర్ కొనే పద్ధతే మారిపోయింది. డబ్బా మీది రంగులు, "డబుల్ లైఫ్" అంటూ వేసే ముద్రలు ఇప్పుడు నా కంటికి ఆనవు. లోపలుండే రబ్బరు, స్ప్రింగు, కాగితం అతుకు సరిగ్గా ఉన్నాయా లేదా, అంతే.

డబ్బాలో జరిగేది తేలికైన సంగతే. ఇంజిన్‌కి ఆనే పళ్లెం మీద అంచు వెంబడి చిన్న బొక్కలు, నడిమధ్యన త్రెడ్డున్న పెద్ద బొక్క ఉంటాయి. పంపు తోసిన ఆయిల్ చిన్న బొక్కల్లోంచి దూరి, మడతలు పెట్టిన కాగితాన్ని బయటి నుంచి లోపలికి దాటి, మధ్య బొక్కలోంచి బేరింగుల వైపు వెళ్తుంది. అందుకే మురికంతా కాగితం బయటి ముఖానే పట్టి ఉంటుంది. లోపలి ముఖం మీద కూడా మురికి కనిపించిందంటే అతుకు విడిపోయిందో, కాగితం చిరిగిందో అనుమానించాలి.

చిన్న బొక్కల వెనకాల ఒక పల్చటి రబ్బరు బిళ్ల ఉంటుంది. ఇంజిన్ ఆపగానే అది మూసుకుని, డబ్బాలోని ఆయిల్ వెనక్కి కారిపోకుండా ఆపుతుంది. నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఈ బిళ్లే. కారణం ఉంది. నా కారులో ఫిల్టర్ ఇంజిన్ పక్కన అడ్డంగా పడుకుని ఉంటుంది. ఒక దశలో పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడల్లా రెండు మూడు సెకన్లు టకటకమని చప్పుడు, ఆ తర్వాత అంతా మామూలే. ఆయిల్ లైటు కూడా ఆరడానికి కొంచెం తటపటాయించేది. ఒకరు ట్యాపెట్లన్నారు, ఇంకొకరు టైమింగ్ చైన్ విప్పాలన్నారు. చైన్ విప్పడమంటే మాటలా! ముందు తేలికైనది చూద్దామని, రాత్రంతా నిలబెట్టిన కారుకి పొద్దున స్టార్ట్ చేయకుండానే ఫిల్టర్ విప్పాను. నిండుగా ఉండాల్సిన డబ్బా దాదాపు ఖాళీగా చేతికొచ్చింది. కోసి చూస్తే ఆ బిళ్ల అట్టముక్కలా బిర్రబిగుసుకుపోయి ఉంది. వేలితో వంచితే వంగలేదు, విరిగింది.

అది మామూలు నైట్రైల్ రబ్బరు. వేడికి నైట్రైల్ రాను రాను గట్టిపడుతుంది. సిలికాన్ రబ్బరు ఎక్కువ వేడికి తట్టుకుంటుంది, చలిలోనూ మెత్తగానే ఉంటుంది. సిలికాన్ బిళ్ల ఉన్న ఫిల్టర్ వేశాక ఆ చప్పుడు మళ్లీ రాలేదు. సిలికాన్ తరచుగా నారింజ రంగులో ఉంటుంది గానీ రంగుని చూసి మోసపోవద్దు, రంగు ఎవరైనా కలపొచ్చు. చిన్న బొక్కలోంచి అగ్గిపుల్లతో మెల్లగా నొక్కి చూడండి. మెత్తగా వంగి, వదలగానే మళ్లీ వచ్చి అంటుకోవాలి. మీ కారులో ఫిల్టర్ నిలువుగా, తెరిచిన మూతి పైకి ఉండేలా బిగించి ఉంటే దీని గురించి అంత బెంగ అక్కర్లేదు. ఆయిల్ ఎలాగూ గిన్నెలో ఉన్నట్టే ఉంటుంది.

రెండోది బైపాస్ వాల్వు. చలికి ఆయిల్ చిక్కబడినా, కాగితం మురికితో పూడుకుపోయినా, కాగితానికి అటూ ఇటూ ప్రెషర్ తేడా పెరుగుతుంది. ఆ తేడా ఒక హద్దు దాటగానే స్ప్రింగు వంగి, ఆయిల్‌ని వడకట్టకుండానే వదిలేస్తుంది. బేరింగులకు అసలు ఆయిల్ అందకపోవడం కన్నా మురికి ఆయిల్ అందడం నయం కదా. చాలా కార్లకు ఈ హద్దు (ప్రెషర్ని బార్లలో కొలుస్తారు) ఒక బార్‌కి అటూ ఇటూగా పెడతారు. కొన్ని ఇంజిన్లలో బైపాస్ ఇంజిన్ బ్లాకులోనే ఉంటుంది కాబట్టి ఫిల్టర్లో ఉండదు. బైపాస్ లేని ఫిల్టర్‌ని, బ్లాకులో కూడా బైపాస్ లేని ఇంజిన్‌కి వేస్తే ఏమవుతుందో ఊహించండి. పైకి చూస్తే రెండు డబ్బాలూ కవల పిల్లలే. "సైజు సరిపోయింది, వేసేయ్" అనే మాటంటే నాకు ఒళ్లు మండేది ఇందుకే.

సైజు మాటెత్తాను కాబట్టి త్రెడ్డు సంగతీ చెప్పాలి. కార్లలో బాగా కనిపించేవి రెండు: ముప్పావు అంగుళం, అంగుళానికి 16 చుట్లు ఒకటి, 20 మిల్లీమీటర్లు, 1.5 మిల్లీమీటర్ల పిచ్ (చుట్టుకీ చుట్టుకీ మధ్య దూరం) మరొకటి. ముప్పావు అంగుళమంటే 19.05 మిల్లీమీటర్లు. చుట్ల మధ్య దూరం కూడా రెంటికీ దగ్గర దగ్గరే. కాబట్టి 20 మిల్లీమీటర్ల ఫిల్టర్ ముప్పావు అంగుళం స్టడ్డు (ఇంజిన్ మీద ఫిల్టర్ ఎక్కే త్రెడ్డు కడ్డీ) మీద చక్కగా ఎక్కుతుంది, బిగిసినట్టు కూడా అనిపిస్తుంది. నిజానికి త్రెడ్డు కొసలు మాత్రమే పట్టుకుని ఉంటాయి. చల్లటి ఇంజిన్లో ఆయిల్ ప్రెషర్ నాలుగైదు బార్ల దాకా పోవచ్చు. అప్పుడు డబ్బా ఊడి ఎగిరిపోతే ఉన్న ఆయిలంతా రోడ్డు పాలు. పాతదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి కొలవడం మంచిదే, కానీ అది చివరి తనిఖీ మాత్రమే. ఎంచుకోవడం మాత్రం కారు కంపెనీ ఇచ్చిన పార్ట్ నంబరుతోనే, లేదా ఫిల్టర్ కంపెనీ కేటలాగులో మీ ఇంజిన్ కోడ్ వెతికి. ఒకే మోడల్ కారుకి ఇంజిన్ని బట్టి ఫిల్టర్ మారుతుంది.

ఇక మైక్రాన్ల గోల. మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. "20 మైక్రాన్ల ఫిల్టర్" అన్న మాటకి అర్థమే లేదు. 20 మైక్రాన్ల రేణువుల్లో సగాన్ని ఆపేదీ ఆ పేరే పెట్టుకుంటుంది, నూటికి 99 ఆపేదీ ఆ పేరే పెట్టుకుంటుంది. రెంటికీ నక్కకీ నాకలోకానికీ ఉన్నంత తేడా. శాతం, మైక్రాను రెండూ కలిపి చెప్పి, ఆయిల్ ఫిల్టర్ల వడపోతని కొలిచే అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 4548-12 పద్ధతిలో పరీక్షించామని రాసిన కంపెనీ మాటకే నేను విలువిస్తాను. తలవెంట్రుక మందం సుమారు 70 మైక్రాన్లు, అంటే మనం మాట్లాడుకునేది కంటికి ఆనని మురికి గురించి. మామూలు సెల్యులోజ్ కాగితం టైముకి మార్చుకునేవాళ్లకి చాలు. ఆయిల్ మార్పుకీ మార్పుకీ మధ్య ఎక్కువ కిలోమీటర్లు తిప్పేవాళ్లకి గ్లాస్ ఫైబర్ కలిపిన సింథటిక్ రకం మేలు, సన్నటి మురికిని పట్టినా తొందరగా పూడుకోదు. కానీ ఎంత ఖరీదైన ఫిల్టరైనా ఆయిల్లో కలిసిన పెట్రోలునీ, ఆమ్లాలనీ తీయలేదు, ఆయిల్లో ముందే కలిపి వచ్చే, వాడకంలో అరిగిపోయిన ఎడిటివ్‌లని తిరిగి తేలేదు. మంచి ఫిల్టర్ వేశానని ఆయిల్ మార్పు వాయిదా వేసేవాళ్లు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

కోసిన కాగితాన్ని చాచి ఎండలో చూస్తే ఇంజిన్ జాతకం కొంత తెలుస్తుంది. నల్లటి మడ్డి, వేళ్ల మధ్య నలిపితే పొడయ్యే కార్బన్ రవ్వలు మామూలే. మెరిసే రవ్వలు ఉంటే అయస్కాంతం పెడతాను. అంటుకుంటే ఇనుము. అంటుకోకుండా రాగి రంగులో తళతళలాడితే బేరింగు పై పొర అరిగి లోపలి పొర బయటపడిందేమోనని అనుమానం, అప్పుడు మాత్రం తాత్సారం చేయకూడదు. కొత్త ఇంజిన్ మొదటి సర్వీసులో కాస్త మెరుపు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు.

మార్చే పని దగ్గరికొస్తే, జాకీ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరొద్దు. స్టాండ్లు పెట్టండి, నేల మీదున్న చక్రాలకి అడ్డు పెట్టండి. ఇంజిన్ గోరువెచ్చగా ఉంటే చాలు, కాలేంత వేడి వద్దు. విప్పబోయేది ఇంజిన్ ఆయిల్ కిందికి దించే ప్లగ్గేనని చూసుకోండి. కొన్ని కార్లలో గేర్‌బాక్స్ ప్లగ్గు పక్కనే ఉంటుంది, వచ్చే ఆయిల్ ఎర్రగా ఉందంటే వెంటనే మూసేయండి. ప్లగ్గుకి కొత్త వాషర్ వేయడం మరవకండి.

ఫిల్టర్ చేత్తో రాకపోతే డబ్బా కొసని పట్టే టోపీ పానా సుఖం. అది డబ్బా వ్యాసానికీ, పలకల సంఖ్యకీ సరిపోవాలి, ఉదాహరణకి 64 మిల్లీమీటర్లు, 14 పలకలు. పట్టీ పానా అయితే డబ్బా చివర కాకుండా ఇంజిన్ దగ్గరి అంచున వేయండి, అక్కడే రేకు గట్టి. స్క్రూడ్రైవర్ పొడిచి తిప్పే విద్య ఒకటుంది. రేకు చిరిగి, పళ్లెం మాత్రం ఇంజిన్‌కే కరుచుకుని ఉండిపోతే అప్పుడు పండగే.

పాత ఫిల్టర్ చేతికి రాగానే చూడాల్సింది దాని రబ్బరు రింగు. అది డబ్బాతో పాటు వచ్చిందా, లేక ఇంజిన్‌కే అంటుకుని ఉండిపోయిందా? అంటుకున్న రింగు మీదే కొత్తది బిగిస్తే రెండు రింగులవుతాయి. స్టార్ట్ చేయగానే ప్రెషర్‌కి పక్కకి జారి, నిమిషాల్లో ఆయిలంతా బయటికి కక్కేస్తుంది. మా స్నేహితుడి కారుకి ఒక షెడ్డులో ఇలాగే జరిగింది. నేనైతే చూపుతో సరిపెట్టను. గుడ్డతో తుడిచి, ఆ ముఖం చుట్టూ వేలు తిప్పి చూస్తాను. నల్లటి ఇనుము మీద నల్లటి రబ్బరు, టార్చి వేసినా కళ్లని మోసం చేస్తుంది.

కొత్త రింగుకి కొత్త ఆయిల్ పూయండి, గ్రీజు కాదు. చేత్తో తిప్పుతూ వెళ్తే ఒకచోట రబ్బరు ఆనుతుంది. అక్కడ డబ్బా మీద మార్కర్‌తో గీత పెట్టి, ఆ గీతని చూస్తూ ముప్పావు చుట్టు తిప్పండి. డబ్బా మీద వేరే కొలత రాసి ఉంటే అదే పాటించండి. పానాతో బిగించడం వల్ల కారడం ఆగదు, రింగు నలుగుతుంది, వచ్చేసారి విప్పేటప్పుడు ప్రాణం తోడుతుంది. జిడ్డు చేతులు జారితే రబ్బరు గ్లోవు వేసుకోండి. ఫిల్టర్ ముందే నింపాలా అని అడుగుతుంటారు. నిలువుగా ఎక్కేదైతే నింపొచ్చు, పోసేది అంచు బొక్కల్లోంచే పోయండి, మధ్య బొక్కలో పోస్తే వడకట్టనిది నేరుగా బేరింగులకి పోతుంది. నాది అడ్డం ఫిల్టర్, నింపితే మోచేతికి తప్ప ఇంజిన్‌కి దక్కదు, కాబట్టి నింపను.

డబ్బా కాకుండా విడి కాగితం మార్చే రకమైతే ప్రాణమంతా ఓ-రింగులోనే ఉంటుంది. మూత మీద అది కూర్చోవాల్సిన గాడి ఒక్కటే. పక్క గాడిలో కూర్చోబెడితే కారుతుంది. మూత మీద తరచుగా 25 న్యూటన్ మీటర్లని (ఎంత బలంగా బిగించాలో చెప్పే కొలత) అచ్చు వేసి ఉంటుంది. ప్లాస్టిక్ మూత పగలకూడదంటే టార్క్ పానా వాడండి.

కొత్త ఆయిల్ పోసి స్టార్ట్ చేశాక లైటు కొన్ని సెకన్లలో ఆరాలి. ఆరకపోతే వెంటనే ఆపేయండి, రేసు చేసి చూడొద్దు. ఆరాక కాసేపు ఐడిల్లో ఉంచి కింద ఫిల్టర్ అంచు, ప్లగ్గు చూసి, ఇంజిన్ ఆపి, ఆయిల్ కిందికి దిగాక ఆయిల్ మట్టం చూపే కడ్డీ చూడండి. ఫిల్టర్ నిండినంత మేర మట్టం తగ్గుతుంది, అప్పుడు కలుపుకోండి. "ఫిల్టర్ రెండు ఆయిల్ మార్పులకోసారి చాలదా?" అనేవాళ్లకి నా జవాబు: పాత డబ్బాలో మిగిలిన పాత ఆయిల్‌ని కొత్త దాంట్లో ఎందుకు కలుపుకోవడం?

తీసిన ఆయిల్ మూత గట్టిగా పట్టే డబ్బాలో పోసి, కారిన ఫిల్టర్‌తో పాటు వాడిన ఆయిల్ సేకరించేవాళ్లకి ఇస్తాను. కూలెంటు, బ్రేక్ ఆయిల్, నీళ్లు దాంట్లో కలపకండి. కలిస్తే దాన్ని తిరిగి శుద్ధి చేయడం కష్టమవుతుంది, చాలాచోట్ల తీసుకోరు కూడా.