ట్రిక్లర్‌కి అడుగు బరువుండాలి

టెక్సస్‌లో మా బావ టార్గెట్ షూటింగ్‌కి తూటాలు తనే నింపుకుంటాడు, నేను వెళ్లినప్పుడు పౌడర్ ట్రిక్లర్, అంటే తూకం పళ్లెంలోకి మందు పొడిని పలుకు పలుకుగా రాల్చే చిన్న పరికరం, ఇద్దరం కలిసే ఎంచాం. ఆ పనిలో తూకమంతా గ్రెయిన్లలో. ఒక గ్రెయిన్ 64.8 మిల్లీగ్రాములు, అంటే మన గురిగింజ బరువులో సుమారు సగం! చేత్తో తిప్పే రకం తీసుకున్నాం గానీ మరీ తేలిక, గొట్టం తిప్పితే చాలు మొత్తం జరిగిపోయేది. నెల్లూరులో బంగారం పని చేసే మా పెదనాన్నకి ఫోన్ చేస్తే "ముందు ఫ్యాను ఆపండబ్బయా, దాని అడుగు బరువు చెయ్యండి" అన్నాడు. అడుగున సీసం గుండ్లు పోశాం, ఇక కదల్లేదు. గొట్టం మెల్లగా తిప్పుతుంటే మూతి దగ్గర నల్లటి పలుకు ఒక్క క్షణం ఆగి, టప్‌మని పళ్లెంలో పడుతుంది, ఆ పట్టు చేతికి దొరికాక భలే హాయి. బావ ఇప్పుడు ఎలక్ట్రిక్‌ది కొందామంటున్నాడు, నేనైతే వద్దనే అంటా.